1873 వించెస్టర్ నకలు రైఫిల్‌కి ఏ ఫినిష్? ఒక కేస్ స్టడీ

వచ్చిన తుపాకీ వించెస్టర్ 1873కి (కింది లీవర్ తోసి తూటా మార్చే పాతకాలపు అమెరికన్ రైఫిల్) నకలు. ఇటలీలోని గార్దోనే వాల్ త్రోంపియాలో తయారైంది. .45 కోల్ట్ క్యాలిబర్, 20 అంగుళాల ఎనిమిది పలకల బ్యారెల్, కింద మ్యాగజిన్ ట్యూబు, నెలవంక బట్ ప్లేటు. యాక్షన్ (తూటా ఎక్కించి, ఖాళీ గొట్టం బయటికి తోసే యంత్రాంగం) నున్నగా తిరుగుతోంది, హెడ్‌స్పేస్ (బోల్టుకీ చాంబరులో కూర్చున్న తూటాకీ మధ్య సందు) సరిగా ఉంది. మరమ్మతు పనేమీ లేదు. యజమాని అమెరికాలో కౌబాయ్ యాక్షన్ పోటీలు (పాతకాలపు తుపాకులతో ఆడే షూటింగ్ పోటీలు) ఆడతారు, అదీ నల్లమందు (బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకి మందు) తూటాలతో. బ్యారెలూ ఫ్రేమూ రెండూ తళతళలాడే నల్లటి హాట్ బ్లూతో (ఉక్కును మరిగే ఉప్పుల తొట్టిలో ముంచి తెచ్చే పొర) ఉన్నాయి. 1880ల్లో ఎవరి చేతిలోనూ ఈ రంగు తుపాకీ ఉండేది కాదన్నది ఆయన బాధ. అది నిజమే. ఆయన అడిగింది: పాతకాలపు తుపాకీలా కనిపించాలి, నల్లమందు మసికి తుప్పు పట్టకూడదు.

ఇలాంటి పని వచ్చినప్పుడు "మొత్తానికి ఒక ఫినిష్" అని ఆలోచిస్తే దారి తప్పుతాం. ఆ కాలపు లీవర్ రైఫిల్ మీద కనీసం మూడు రకాల ఫినిష్‌లు ఉండేవి. ఒక్కో భాగానికి విడిగా నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయానికి మూడు విషయాలు చూడాలి: అసలు తుపాకీలో ఆ భాగం ఎలా ఉండేది, ఈ నకలులో అక్కడున్న ఉక్కు ఏమిటి, వాడకంలో అక్కడికి ఏం చేరుతుంది.

అసలు తుపాకీ ఎలా ఉండేది

1873 మోడల్‌కి ఫ్రేము మామూలుగా బ్లూ. రంగురంగుల కేస్ కలర్ (బొగ్గు పెట్టెలో కాల్చి నీటిలో ముంచితే వచ్చే రంగులు) ఫ్రేము కావాలంటే అదనంగా డబ్బు కట్టి ప్రత్యేకంగా ఆర్డర్ ఇవ్వాలి. 1886 మోడల్‌కి ఇది తిరగబడింది. దానికి దాదాపు 1901 దాకా కేస్ కలరే మామూలు, తర్వాత బ్లూకి మారింది. నేటి నకళ్లలో 1873 రైఫిళ్లు చాలావరకు కేస్ కలర్ ఫ్రేముతో అమ్ముతారు కాబట్టి అదే అసలు రూపమని కొనేవాళ్లు అనుకుంటారు. బ్లూ ఫ్రేము చూసి "చవకరకం" అనుకోవడం సరికాదు.

బ్యారెల్‌కి, మ్యాగజిన్ ట్యూబుకి రస్ట్ బ్లూ చేసేవారు. అంటే కావాలని సన్నటి తుప్పు పట్టించి, దాన్ని మరిగే నీటిలో నల్లగా మార్చి, రుద్ది, మళ్లీ మళ్లీ అదే చేయడం. ఫ్రేముకి బొగ్గు కొలిమిలో వేడి చేసి తెచ్చే చార్‌కోల్ బ్లూ. లీవర్‌కి, హ్యామర్‌కి కేస్ కలర్. లోడింగ్ గేటు (తూటాలు నింపే పక్క తలుపు), కొన్ని చిన్న భాగాలు వేడితో వచ్చిన నెమలి నీలం. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో చేసే హాట్ బ్లూ (కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు కలిపి 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగించిన తొట్టి) తుపాకీ పరిశ్రమలో విస్తరించింది 1930లలోనే. ఈ రైఫిల్ పాతదానిలా కనిపించకపోవడానికి నలుపు ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, ఆ తొట్టిలో దించే ముందు బఫింగ్ చక్రం మీద పట్టిన పాలిష్.

ఇంకో మాట కూడా యజమానితో ముందే అనుకోవాలి. వించెస్టర్ అసలు 1873ని .45 కోల్ట్‌లో చేయనేలేదు. .44-40తో మొదలై తర్వాత .38-40, .32-20 వచ్చాయి, కొద్దిపాటి .22 రిమ్‌ఫైర్లు కూడా. కాబట్టి ఎంత కష్టపడినా ఇది ఫలానా సంవత్సరపు తుపాకీకి అచ్చుగుద్దిన ప్రతి కాదు. ఆ కాలపు పద్ధతిలో ముగించిన తుపాకీ అవుతుంది, అంతే. ఈ తేడా ముందే ఒప్పుకుంటే తర్వాతి నిర్ణయాలు తేలికవుతాయి.

పక్కన పెట్టినవి, ఎందుకు పెట్టామో

మొదట యజమాని మనసులో ఉన్నది "అరిగిన" ఫినిష్. వెనిగర్‌తో బ్లూ అంతా లాగేసి, బూడిద రంగు ఉక్కు మీద అక్కడక్కడా గోధుమరంగు తేవడం. అమెరికాలో ఇది చాలామంది ఇంట్లోనే చేస్తారు, కొందరు విక్రేతలు అలా పాతబరిచిన నకళ్లనే అమ్ముతారు కూడా. చూపుకి బాగుంటుంది. కానీ నల్లమందు వాడే తుపాకీకి మేం దీన్ని సిఫారసు చేయం. నల్లమందు మసిలో పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ లాంటి లవణాలుంటాయి, అవి గాలిలోని తేమను లాగుతాయి. పోటీ అయ్యాక ఆ సాయంత్రమే వేడినీళ్లతో కడగాలి. బ్లూ పూర్తిగా తీసేసిన ఉక్కు మీద నూనెను పట్టి ఉంచే పొర ఉండదు, కడిగిన ప్రతిసారీ కొత్త తుప్పు మొదలవుతుంది. బట్టలు తెల్లబరిచే బ్లీచ్‌తో "పాతబరిచే" పద్ధతి ఇంకా చెడ్డది. అందులోని క్లోరైడు గుంటల్లో దాక్కుని నెలల తరబడి తింటూనే ఉంటుంది. వెనిగర్, బ్లీచ్ ఒకదాని తర్వాత ఒకటి వాడేవాళ్లు మధ్యలో కడగకపోతే వచ్చేది క్లోరిన్ వాయువు.

పాతబరచడంలో ఇంకో చిక్కు, దొంగ అరుగుదల తెలిసిపోతుంది. అసలు 1873లో ఫ్రేము కింది భాగం, చేత్తో పట్టుకు నడిచే చోటు, ముందు బూడిదరంగుకి తిరుగుతుంది. లోడింగ్ గేటు చుట్టూ, లోతట్టు మూలల్లో బ్లూ నిలుస్తుంది. బ్యారెల్ నెమ్మదిగా పండిన రేగుపండు రంగుకి వస్తుంది. ఆమ్లంతో చేసినది అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, లోతట్టు మూలల్లో కూడా.

రెండోది, ఫ్రేముకి ఎముకల బొగ్గుతో కేస్ కలర్. అందంలో దీన్ని మించింది లేదు. పద్ధతి ఇది: ఎముకల బొగ్గు, కట్టెల బొగ్గు కలిపి నింపిన పెట్టెలో ఫ్రేమును పాతి, 730 నుంచి 800 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచి, గాలి బుడగలు పంపుతున్న చల్లటి నీటిలో ఒక్కసారిగా దించడం. ఇక్కడే చిక్కు. ఉక్కు లోపలి నిర్మాణం మారే గీటు 727 డిగ్రీలు. దాన్ని దాటామంటే ఫ్యాక్టరీ ఇచ్చిన పదును (వేడితో తెచ్చిన గట్టిదనం) మొత్తం చెరిపేసి మనం కొత్తగా రాస్తున్నామన్నమాట. 1870ల ఫ్రేము ఇనుముది, తర్వాత మెత్తటి ఉక్కుది. దానికి పైచర్మం గట్టిపడటం లాభమే. నేటి నకలు ఫ్రేము ఏ మిశ్రమ ఉక్కో, ఏ పదునులో ఉందో తయారీదారు రాతపూర్వకంగా చెప్పనిదే ఈ పని ముట్టుకోకూడదు. 1873లో పేలుడు బలమంతా బోల్టు నుంచి టాగుల్ లింకుల (మోకాలిలా మడిచే జంట ముక్కలు) మీదుగా, వాటి పిన్నుల మీదుగా ఫ్రేము వెనక గోడకి చేరుతుంది. ఆ గోడ పెళుసయితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దానికి తోడు వంపు. ఈ ఫ్రేముకి రెండు పక్కలా పెద్ద కిటికీలు కోసి సైడ్ ప్లేట్లు బిగిస్తారు. అంత ఖాళీ ఉన్న ముక్కను ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే, లోపల ఇనుప దిమ్మెలు బిగించకపోతే, నోరు మూసుకుంటుంది. తూటాను చాంబరు ఎత్తుకి లేపే క్యారియర్ బ్లాక్ కిందికీ మీదికీ కదలదు. ఈ రైఫిల్ ఉక్కు వివరం దొరకలేదు. అందుకే కేస్ కలర్ వద్దన్నాం.

మిగతావి త్వరగా తేలిపోయాయి. నికెల్ పూత అప్పట్లో ప్రత్యేక ఆర్డర్ మీద దొరికేదే, కానీ యజమానికి మెరుపు వద్దు. పార్కరైజింగ్ (మసక ఫాస్ఫేటు పూత) 20వ శతాబ్దపు సైనిక ఫినిష్. స్ప్రే చేసి కాల్చే సిరామిక్ పూతలు తుప్పుకి బ్రహ్మాండంగా అడ్డుపడతాయి గానీ అంచులూ అక్షరాలూ పూత కింద మొద్దుబారతాయి. బ్రౌనింగ్ (పట్టించిన తుప్పును నల్లగా మార్చకుండా గోధుమరంగులోనే ఉంచడం) చెకుముకి తుపాకుల కాలానిది.

మిగిలింది హాట్ బ్లూ తీసి, మెరుపు తగ్గించి, మళ్లీ హాట్ బ్లూ చేయడం, లేదా రస్ట్ బ్లూ. మొదటిది చవక, ఒక్కపూట పని. చాలామందికి అది చాలు. కానీ రస్ట్ బ్లూ పొర కాస్త మందం, నూనెను బాగా పీల్చుకుంటుంది, ఉపరితలం మీద మెత్తటి మసక వస్తుంది. నల్లమందుకి అదే నప్పుతుంది.

చివరికి కుదిరిన ఒప్పందం: బ్యారెల్, మ్యాగజిన్ ట్యూబు, ఫ్రేము, సైడ్ ప్లేట్లు, డస్ట్ కవర్ (ఫ్రేము పైన జారే మూత), బట్ ప్లేటు రస్ట్ బ్లూ. లోడింగ్ గేటు, స్క్రూలు నైటర్ బ్లూ (కరిగిన నైట్రేట్ ఉప్పుల్లో వేడిచేసి తెచ్చే నీలం). లీవర్, హ్యామర్ ఫ్యాక్టరీ కేస్ కలర్‌తోనే, ముట్టుకోకుండా. ఇత్తడి క్యారియర్ బ్లాక్ అలాగే. ఇందులో చరిత్రకు తేడా ఉన్నది ఫ్రేము దగ్గర. అసలుదానికి చార్‌కోల్ బ్లూ ఉండాలి. పాత వించెస్టర్లలో బ్యారెల్ మీద బ్లూ ఇంకా ఉండి, ఫ్రేము మీద అరిగిపోయి బూడిదగా మారినవి ఎన్నో కనిపిస్తాయి. చార్‌కోల్ బ్లూ పొర పల్చన. తడి, మసి, చెమట మధ్య వాడే తుపాకీకి ఫ్రేము మీదా రస్ట్ బ్లూ పెట్టడం మాకు సరైన రాజీ అనిపించింది.

పని మొదలుపెట్టే ముందు కొలతలు

ఈ రైఫిల్ చట్టం కంట్లో పాతది కాదు. అమెరికా చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైతేనే యాంటిక్. ఇప్పటి తూటాలు పేల్చే నకలు మామూలు తుపాకీ కిందే లెక్క. ఫినిషింగ్ పని వ్యాపారంగా చేసేవారికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. సీరియల్ నంబరు చెరిగిపోతే నేరం. కొత్తగా చేసే తుపాకీల మీద నంబరు లోతు కనీసం 0.003 అంగుళం (0.076 మి.మీ.) ఉండాలని నిబంధన. పాలిష్ పెట్టేవాడు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇదే. లోతు కొలిచే గేజితో ముందు చూసి రాసుకున్నాం. నంబరు, దిగుమతిదారు ముద్ర, ఇటలీ పరీక్షాశాల ముద్రలు ఉన్నచోట చేత్తో 320 నంబరు గరుకు కాగితం తప్ప వేరేది తాకనివ్వలేదు. ముద్రలు చెరిపేసి "అసలుదానిలా" చేయమని అడిగేవాళ్లుంటారు. ఆ పని చేయకూడదు.

తర్వాత ఉక్కు పరీక్ష. ముందు కర్ర కింద దాగే చోట బ్యారెల్ మీద, బట్ కింద దాగే తోక మీద చిన్న గీటంత బ్లూ తీసి, సన్న ఆకురాయితో ఒక్కసారి తోశాం. ఆకురాయి జారిపోతే పైచర్మం గట్టిపరిచిన ముక్క. కోసుకుంటే మెత్తనిది. ఇక్కడ కోసుకుంది. అదే చోట రస్ట్ ద్రావణం ఒక చుట్టు పెట్టి మరిగించి చూశాం. నల్లగా తిరిగింది. ఈ చిన్న పరీక్ష దాటేసేవాళ్లకి ఒక హెచ్చరిక: 1964 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన వించెస్టర్ 94 ఫ్రేముల మిశ్రమం మామూలు బ్లూ పట్టదు. ఫ్యాక్టరీ పైన ఇనుప పూత వేసి దానికి బ్లూ చేసింది. ఆ పూత అరగదీశాక ఏ తొట్టిలో ముంచినా రంగు రాదు. సిలికాన్ ఎక్కువున్న పోత ఉక్కు హాట్ బ్లూలో ఎర్రటి ఊదాగా తిరుగుతుంది. ఉక్కు ఏమంటుందో వినకుండా ఫినిష్ మాటివ్వకూడదు.

విప్పడం, హాట్ బ్లూ తీయడం

బట్, సైడ్ ప్లేట్లు, లింకులు, బోల్టు, లీవర్, స్ప్రింగులు, క్యారియర్ అన్నీ విప్పాం. గురి చూసే సైట్లు ఎడమనుంచి కుడికి కొట్టి తీశాం. బ్యారెల్‌ని ఫ్రేము నుంచి విప్పలేదు. సరిగా ఉన్న హెడ్‌స్పేస్‌ని ఫినిష్ కోసం కదిలించడం అనవసరం.

ఇక్కడ క్యాలిబర్ ఒక నిర్ణయం మార్చింది. .44-40 తూటా గొట్టం మెడ దగ్గర పల్చన, కాల్చగానే ఉబ్బి చాంబరుకి అతుక్కుంటుంది, మసి వెనక్కి రాదు. .45 కోల్ట్ తిన్నటి గొట్టం, నల్లమందు ఒత్తిడికి అంత బాగా మూసుకోదు. మసి యాక్షన్ లోపలికి, సైడ్ ప్లేట్ల వెనక్కి కొట్టుకొస్తుంది. అంటే ఈ తుపాకీలో కనబడని లోపలి గోడలే ముందు తుప్పు పడతాయి. అందుకని ఫ్రేమును ఆమ్లంలో ముంచలేదు. 5 శాతం తెల్ల వెనిగర్‌లో తడిపిన గుడ్డతో బయటి ముఖాల మీద మాత్రమే హాట్ బ్లూ తీశాం. 15 నిమిషాల్లో నలుపు వదిలింది. లోపల ఫ్యాక్టరీ నలుపు యథాతథంగా ఉంచాం, దానికి రస్ట్ బ్లూ మరుగుతో హాని లేదు. తీసిన వెంటనే వంటసోడా నీళ్లతో తుడిచి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం త్వరగా తీస్తుంది గానీ క్లోరైడు వదిలిపెడుతుంది, స్ప్రింగులకి తగిలితే పెళుసుబారుస్తుంది. దాని జోలికి వెళ్లలేదు.

పాలిష్: పని ఎక్కువ ఇక్కడే

రస్ట్ బ్లూ ఏ గీతనూ దాచదు. పైగా మరీ నున్నగా ఉంటే తుప్పు పట్టుకోదు. కాగితం 180, 240, 320 వరసలో వెళ్లి 320 దగ్గర ఆపాం. 400 దాటితే మొదటి చుట్లు మచ్చలు మచ్చలుగా పడతాయి.

ఎనిమిది పలకల బ్యారెల్ అందం పలకల మధ్య అంచుల్లో ఉంటుంది. కాగితాన్ని చదునైన ఆకురాయికి చుట్టి, ఒక్కో పలకను ఆ చివరనుంచి ఈ చివరకి నిలువుగా తోయాలి. పలక వెడల్పు కంటే ఆకురాయి వెడల్పు ఉండాలి, లేకపోతే మధ్యలో పల్లం పడుతుంది. చేతివేళ్ల కింద కాగితం పెట్టి రుద్దితే అంచు నిమిషాల్లో గుండ్రమవుతుంది. పోయిన అంచును తిరిగి తేవాలంటే మొత్తం పలక దించాలి.

సైడ్ ప్లేట్ల విషయం ఇంకా సున్నితం. వాటిని విడిగా పాలిష్ చేస్తే ప్లేటు అంచూ ఫ్రేము అంచూ రెండూ కాస్త కాస్త వంగుతాయి. బిగించాక ఆ కీలు చుట్టూ ఒక గాడి కనిపిస్తుంది. వెలుతురు ఏటవాలుగా పడితే దూరం నుంచే తెలుస్తుంది. మంచి 1873లో ప్లేటు ఎక్కడ మొదలైందో గోరు పెట్టి వెతుక్కోవాలి. కాబట్టి లోపలి భాగాలన్నీ తీసేసిన ఖాళీ ఫ్రేముకి ప్లేట్లు రెండూ బిగించి, ఒకే చదునుగా, వెడల్పాటి గట్టి చెక్కకి చుట్టిన కాగితంతో, ఫ్రేము నిడివి వెంబడి తోశాం. రెండు ప్లేట్లనూ పట్టి ఉంచేది ఒక్కటే అడ్డ స్క్రూ. ఆ అసలు స్క్రూను బిగించి పాలిష్ పెడితే దాని తల దిగి గాడి పల్చనవుతుంది, స్క్రూ రంధ్రం నోరు కూడా గిన్నెలా పడుతుంది. పని కోసం తల తీసేసిన వేరే స్క్రూ వాడితే రంధ్రం అంచు నిటారుగా నిలుస్తుంది. ప్లేటు ఎడమదో కుడిదో, ఎటు వైపు మీదో లోపలి ముఖం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.

డస్ట్ కవర్ పైముఖం మాత్రమే పాలిష్ చేశాం. అది జారే గాడిలో కాగితం పెడితే కవర్ వదులై గలగలమంటుంది.

తుప్పు పట్టించడం

జిడ్డు తీయడం సగం పని. అసిటోన్‌తో తుడిచి, తర్వాత సన్నని సున్నపు సుద్దను నీళ్లతో కలిపి ముద్దలా రుద్ది కడిగాం. ఇక్కడినుంచి నైట్రిల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. పరీక్ష సులువు: డిస్టిల్డ్ వాటర్ పోస్తే పొరలా పరుచుకోవాలి. చుక్కలు కట్టిన చోట జిడ్డుంది. బ్యారెల్ బోరుకి పల్చగా స్పార్ వార్నిష్ పూసి ఆరనిచ్చాం, పని పూర్తయ్యాక అసిటోన్‌తో పోతుంది. చెక్క బిరడాలు మాత్రమే కొడితే మరిగేటప్పుడు లోపలి గాలి ఉబ్బి బిరడా ఎగిరిపోతుంది, బోరులో మిగిలిన నూనె తొట్టిలోకి చేరుతుంది.

ద్రావణం అమెరికాలో తయారుగా దొరికేదే. పత్తిని ముంచి, పిండి, దాదాపు పొడిగా చేసి ఒకే దిశలో పొడవుగా ఒక్కసారి లాగాలి. వెనక్కి వెళ్లి సరిదిద్దకూడదు. తడి ఎక్కువైతే కారి గీతలు పడతాయి, కొన్ని ద్రావణాల్లో రాగి లవణం ఉంటుంది కాబట్టి రెండోసారి రుద్దిన చోట ఎర్రటి రాగి పూత దిగుతుంది. బ్యారెల్ ఫ్రేములోకి దిగే కీలు దగ్గర 2 మి.మీ. వదిలిపెట్టాలి, కేశనాళాల గుణంతో తడి తనంతట తానే అక్కడికి చేరుతుంది. కీలును మైనంతో మూయాలన్న ఆలోచన వస్తుంది గానీ మరుగునీటిలో మైనం కరిగి మొత్తం ముక్క మీద పరుచుకుంటుంది.

తేమ పెట్టెలో 27 నుంచి 30 డిగ్రీల వేడి, 70 నుంచి 80 శాతం తేమ. 3, 4 గంటల్లో సన్నటి నారింజరంగు తుప్పు మఖ్మల్‌లా సమంగా పరుచుకుంటుంది. పెట్టె గోడలమీద నీటిచుక్కలు కడుతుంటే తేమ ఎక్కువైనట్టు, ఆ చుక్క తుపాకీ మీద పడితే గుంట పడుతుంది. రాత్రంతా వదిలేసినా గుంటలే. అరిజోనా లాంటి పొడి ప్రాంతాల్లో ఈ పెట్టె లేకుండా తుప్పు సమంగా రాదు.

తుప్పు వచ్చాక 40 అంగుళాల స్టెయిన్‌లెస్ తొట్టిలో సుమారు 16 లీటర్ల డిస్టిల్డ్ వాటర్‌ను బాగా మరిగించి 15, 20 నిమిషాలు ఉంచాలి. ఎర్రటి తుప్పు మాగ్నటైట్‌గా (నల్లటి ఇనుప ఆక్సైడు) మారి నల్లబడుతుంది. కుళాయి నీళ్లు వాడితే సున్నం తెల్లటి మచ్చలుగా మిగులుతుంది, క్లోరిన్ అదనపు తుప్పు తెస్తుంది. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో నీరు 95 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఇంకో 5 నిమిషాలు ఉంచాలి. బయటికి తీశాక గోధుమరంగు మిగిలి ఉంటే మరుగు చాలలేదన్నమాట. ఆ స్థితిలో రుద్దితే పట్టిన పొర ఊడొస్తుంది.

రుద్దడానికి 0.06 మి.మీ. సన్నపు తీగల మెత్తటి చక్రం, నిమిషానికి 600 చుట్లు మించకుండా. చక్రం చేరని మూలల్లో 0000 నంబరు స్టీల్ ఊల్, దాన్ని ముందు అసిటోన్‌లో ముంచి నూనె తీసి. స్టీల్ ఊల్ తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీ నూనె రాస్తుంది. ఆ సంగతి మరచినవాళ్ల పని మూడో చుట్టులో మచ్చలు తేలుతుంది.

మొదటి చుట్టు తర్వాత రంగు బలహీనమైన బూడిద. మూడో చుట్టుకి నీలం ఛాయ వస్తుంది. బ్యారెల్, ట్యూబు ఆరు చుట్లలో నిండాయి. ఫ్రేము నెమ్మదిగా పట్టింది, ఎనిమిది పట్టాయి. ఇలాంటి తేడా మిశ్రమ ఉక్కు దగ్గర మామూలే. రెండూ ఒకే నలుపుకి వచ్చేదాకా ఫ్రేముకి మాత్రం అదనపు చుట్లు ఇవ్వాలి. బ్యారెల్ విప్పకపోయినా ఇది కుదురుతుంది, ద్రావణం ఫ్రేముకే పూసి తొట్టిలో రెండూ కలిపి దించడమే.

రెండో చుట్టులో వచ్చిన మచ్చ

ఫ్రేము ఎడమ ముఖం మీద, అడ్డ స్క్రూ రంధ్రం కింద, తుప్పు పట్టని పాలిపోయిన మచ్చ తేలింది. ఆకారం రంధ్రం నుంచి కిందికి జారినట్టుంది. కారణం ఆకారమే చెప్పింది. రంధ్రం మరల్లో దాగిన నూనె మరుగు వేడికి పల్చబడి బయటికి కారింది. తుడిచి మరో పూత వేస్తే కప్పుకుపోతుందని ఆశపడకూడదు, పై పొరలు దాని అంచునే ఆగిపోతాయి. రంధ్రంలో అసిటోన్ పోసి, గొట్టపు బ్రష్‌తో కడిగి, విడిగా ఒకసారి మరిగించి మిగతా నూనె బయటికి రప్పించి, ఆ ఒక్క ముఖాన్ని ప్లేటుతో సహా 320కి తిరిగి తెచ్చి మొదటినుంచి పెట్టాం. ముఖం మధ్యలో మాత్రమే సరిచేస్తే అతుకు కనిపిస్తుంది, అంచునుంచి అంచుదాకా చేయాలి. దాని తర్వాత మిగతా రంధ్రాలన్నీ, సైట్లు కూర్చునే డవ్‌టెయిల్ గాడులు కూడా, అలాగే ఒట్టిగా మరిగించి చూశాం.

చిన్న భాగాల నైటర్ బ్లూ

సురేకారం (పొటాషియం నైట్రేట్) ఒక్కటే అయితే 334 డిగ్రీల దగ్గర గానీ కరగదు, అది మనకి ఎక్కువ. సోడియం నైట్రేట్ 60, పొటాషియం నైట్రేట్ 40 పాళ్లలో కలిపితే 220 దాటగానే కరుగుతుంది. రంగులు ఉష్ణోగ్రతను బట్టి వస్తాయి: 230 దగ్గర గడ్డిరంగు, 280 దగ్గర ఊదా, 295 నుంచి 300 మధ్య నెమలి నీలం, 320 దాటితే పాలిపోయిన బూడిద నీలం. మేం ఆపింది 300 దగ్గర. లోడింగ్ గేటు తోకే స్ప్రింగు, 1873లో రెండూ ఒకే ముక్క. స్ప్రింగు ఉక్కు పదును దించే వేడి కూడా దాదాపు ఇదే కాబట్టి కొద్ది నిమిషాలు 300లో ఉంటే నష్టం లేదు. అదే వేడిలో హ్యామర్, ట్రిగ్గర్ పెడితే వాటి గట్టిదనం దిగిపోతుంది, సియర్ అంచు (ఎక్కుపెట్టిన హ్యామర్‌ను పట్టి ఉంచేది) త్వరగా అరుగుతుంది. వాటిని ఈ తొట్టికి దూరంగా ఉంచాలి.

రస్ట్ బ్లూకి విరుద్ధంగా ఇక్కడ అద్దం పాలిష్ కావాలి. గీత ఉంటే రంగు మసకబారుతుంది. ముక్కను ముందు వేడిచేసి పూర్తిగా ఆరబెట్టకుండా కరిగిన ఉప్పులో వేయకూడదు. ఒక్క నీటిచుక్క ఆవిరై ఉప్పును మొహం మీదికి చిమ్ముతుంది. నూనె, బొగ్గు, చెక్క, గుడ్డ ఏదీ తొట్టి దరిదాపుల్లో ఉండకూడదు. నైట్రేటు వాటికి ప్రాణవాయువు అందించి భగ్గున మండిస్తుంది. ముఖానికి షీల్డు, తోలు గ్లవ్స్ తప్పనిసరి.

ఈ రంగు పొర చాలా పల్చన, చేతి రాపిడికి పోతుంది. గేటు మధ్యలో తూటా తోసే బొటనవేలు తగిలే చోట మొదట తెల్లబడుతుంది. యజమానికి ఈ మాట ముందే చెప్పాం.

ముగించడం, వాడాక ఎలా ఉంది

చివరి రుద్దుడు తర్వాత శుభ్రమైన నీటిలో చిటికెడు వంటసోడాతో ఇంకోసారి మరిగించి ద్రావణం పనిని ఆపాం. వేడిగా ఉండగానే నీటిని తోసేసే నూనె పోసి, ఆపైన చిక్కటి నూనె పూసి ఒక రోజు కదల్చకుండా ఉంచాం. కొత్త రస్ట్ బ్లూ మొదటి రెండు రోజులు సందుల్లోంచి గోధుమరంగు వదులుతుంది, తుడిచి మళ్లీ నూనె పెట్టాలి. ముందు సైట్ గాడి దగ్గర అది మూడో రోజూ కనిపించింది. సైట్ మళ్లీ తీసి, గాడిని సోడా నీటితో కడిగి, వేడిగాలితో ఆరబెట్టి, నూనెతో కొట్టి బిగించాక ఆగింది. పని మొదట్లో పూసిన బోరు వార్నిష్‌ను అసిటోన్‌తో కడిగి, ఒక గుడ్డ ముక్క తెల్లగా బయటికొచ్చేదాకా తుడిచాం. తిరిగి బిగించాక హెడ్‌స్పేస్ గేజి పెట్టి చూశాం, డమ్మీ తూటాలతో యాక్షన్ తిప్పి చూశాం.

ఒక సీజన్ నల్లమందు తర్వాత రైఫిల్ తిరిగి చూడటానికి వచ్చింది. బ్యారెల్, ట్యూబు, ఫ్రేము ముఖాల మీద పొర నిండుగా ఉంది. ఫ్రేము కింది అంచు, తీసుకెళ్లేటప్పుడు పట్టుకునే చోట, గోధుమ బూడిదగా తిరగడం మొదలైంది, అసలు తుపాకుల్లో మొదలయ్యే చోటే. గేటు మధ్యలో నీలం పోయింది. సైడ్ ప్లేట్ల వెనక ఫ్యాక్టరీ నలుపు నిలిచింది, క్యారియర్ దారి పక్కన ఒక్కచోట మాత్రం తుప్పు చుక్కలున్నాయి. అక్కడ మసి గట్టిగా పేరుకుని ఉంది. వేడినీళ్లు పైనుంచి పోస్తే ఆ మూలకి చేరవు.

యజమానికి ఇచ్చిన సూచనల్లో ఆ ఒక్కటి మార్చాం: ప్రతి పోటీ తర్వాత బోరు కడిగే వేడినీళ్లే చాలవు, నెలకోసారైనా సైడ్ ప్లేట్లు విప్పి ఆ మూల బ్రష్‌తో కడగాలి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి, లేకపోతే ఫినిష్ ఎంత బాగున్నా స్క్రూ తల చిరుగుతుంది. ఇత్తడి క్యారియర్‌కి అమోనియా కలిసిన రాగి సాల్వెంట్ తగలనివ్వకూడదు. లీవర్ కేస్ కలర్ ఎండకి, రాపిడికి పాలిపోతుంది కాబట్టి దాని మీద ఏటా ఒకసారి పల్చగా లక్క పూత వేస్తే చాలు. గేటుకి మాత్రం మళ్లీ నైటర్ బ్లూ చేయనక్కర్లేదని, అరిగినది అలాగే ఉంచమని యజమానే చెప్పారు.